డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు: మందు ఇచ్చు చేతులకు ఒక పాఠము

ధ్యానభాగములు: 2 రాజులు 4:38-41, లూకా 10:30-35



ఎలీషా ప్రవక్త గిల్గాలునకు వచ్చినప్పుడు దేశమందు కరవుగా నుండెను. ప్రవక్తల శిష్యులకు వంట చేయుటకై పెద్ద కుండను పొయ్యిమీద నుంచిరి. వారిలో ఒకడు కూర తెచ్చుటకు పొలములోనికి పోయి, ఒక తీగెకాయలను ఒడినిండ కోసికొని వచ్చి, తరిగి కుండలో వేసెను. అవి ఎట్టి కాయలో అతనికి తెలియదు. తినబోయినవారు నోట పెట్టినంతనే అది ప్రాణాంతకమని కనుగొని కేకలు వేసిరి. ఆ కాయలు తెచ్చినవాడు పగవాడు కాడు, సోమరి కాడు. ఆకలిగొన్న సహోదరులకు మేలు చేయవలెనని పోయినవాడే. అతనికి ప్రేమ యుండెను. తెలివి మాత్రము కొరవడెను.

ఈ భాగమును మేము అనేక పర్యాయములు చదివితిమి గాని, కొంతకాలము క్రిందట ఆదోనిలో మా యెరుకలోని ఒక యింట జరిగిన సంగతివలన దాని అర్థము మాకు బాగుగా తెలిసినది. ఆ యింటి ముసలమ్మగారికి బహుకాలముగా కీళ్లవాతము. వైద్యుడు రెండు విధములైన చిన్నమాత్రలు వ్రాసియిచ్చెను. ఒకటి వారమునకు ఒక్కదినము మాత్రమే మింగవలెను. రెండవది తక్కిన దినములలో మింగవలెను. ఇంతవరకు పెద్దకోడలు ఈ పని చూచుకొనుచుండెను. మిరపకాయల కోతకాలము వచ్చినప్పుడు పెద్దకొడుకును పెద్దకోడలును గుంటూరు సీమకు వలసపోయిరి. చిన్నకోడలు సిరుగుప్ప వైపునుండి వచ్చిన పిల్ల, చదివినది కన్నడము. మందుచీటి ఇంగ్లీషులో నున్నది. పెద్దకోడలు బండియెక్కు తొందరలో చెప్పిన మాట ఈమె చెవిలో తారుమారాయెను. వారమునకొకసారి ఇయ్యవలసిన మాత్రను ప్రతిదినము ఉదయము తప్పకుండ ఇచ్చెను. పది దినములకు ముసలమ్మగారి నోరంతయు పుండ్లాయెను. గంజియైనను దిగలేదు. జ్వరము వచ్చెను. కర్నూలుకు తీసికొనిపోయి, అనేక దినములు ఆసుపత్రిలో ఉంచినపిమ్మట దేవుని దయవలన ఆమె బ్రదికి యింటికి వచ్చెను. చిన్నకోడలు మాత్రము చాలకాలము తలయెత్తి ఎవరిని చూడలేకపోయెను. ఒక్కదినమైనను మరువక ఇచ్చినందుకే ఇంత కీడు కలిగెను గదా!

ఆ రెండు మాత్రల పేర్లు మెథోట్రెక్సేటు, ఫోలిక్ ఆమ్లము. ఆ రెండును లోకమునకు వచ్చుటకు ముఖ్యకారకుడైనవాడు మన తెలుగువాడే. ఆయన కథ తెలిసికొందము. మందు కనిపెట్టువారికే గాక, మందు చేతికి అందించువారికిని అందులో నేర్చుకొనవలసినది చాల గలదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన గోదావరి సీమలోని భీమవరములో జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి వ్యాధిగ్రస్తుడై ఉద్యోగము ముందుగానే మానుకొనవలసివచ్చినందున ఆ కుటుంబము చాల ఇక్కట్లు పడెను. పదుమూడేండ్ల వయస్సున ఈ బాలుడు కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పారిపోయెను గాని, నిడదవోలులోనే పట్టుబడి వెనుకకు తేబడెను. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున, మద్రాసులోని హిందూ హైస్కూలునుండి ప్యాసాయిరి. పిమ్మట సన్న్యసించి రామకృష్ణ మఠములో చేరవలెనని కోరిరి గాని తల్లి ఒప్పుకొనలేదు. జనులకు సేవచేయు మార్గముగా వైద్యవిద్యను ఎన్నుకొని మద్రాసు మెడికల్ కాలేజీలో ప్రవేశించిరి.

గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాలయములోనికి పోయినందున ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు ఆయనమీద కోపము వచ్చెను. తక్కిన పరీక్షలలో ఎంత బాగుగా వ్రాసినను, పూర్తి పట్టమైన ఎం.బి.బి.ఎస్. దొరకక, దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ఈ దినములలోనే ఆయన యింట పెద్ద దుఃఖము సంభవించెను. స్ప్రూ అను గ్రహణి వ్యాధిచేత ఇద్దరు అన్నదమ్ములు కొద్దిదినముల వ్యవధిలో మరణించిరి. తిన్న ఆహారము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి ఎండిపోవు వ్యాధి అది. అప్పటికి దానికి నిశ్చయమైన మందు లేదు. కండ్లయెదుట తోబుట్టువులు పోవుచుండగా, వైద్యము చదువుచున్న తాను ఏమియు చేయలేకపోవుట ఆయన మనస్సును జీవితాంతము విడువలేదు.

చదువు ముగిసినపిమ్మట మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించిరి. 1919లో వివాహమాడిన శేషగిరమ్మగారి తండ్రి కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు, కాకినాడలోని సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారు ధనసహాయము చేయగా, 1922వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికాలోని బోస్టను పట్టణము చేరిరి. త్వరలోనే తిరిగివత్తునని భార్యకు మాట యిచ్చి వెళ్లినవారు మరల మాతృదేశమును చూడనేలేదు. ఆయన వెళ్లినతరువాత పుట్టిన కుమారుడు పసితనముననే మరణించెను. శేషగిరమ్మగారు జీవితమంతయు ఎదురుచూచుటలోనే గడిపిరి. గొప్పవారి చరిత్రలు వ్రాయునప్పుడు ఇట్టి మూల్యమును కప్పిపుచ్చుట న్యాయము కాదు గనుక దీనినికూడ చెప్పుచున్నాము.

బోస్టనులో ఆయన ఎల్.ఎం.ఎస్. పట్టమునకు విలువ లేకపోయెను. వైద్యుడుగా జీతమిచ్చి చేర్చుకొనువారు లేరు. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధులనుగూర్చి చదువుకొనుచు, రాత్రి పీటర్ బెంట్ బ్రిగాము అను ఆసుపత్రిలో కూలివానిగా చేరి, రోగుల మలమూత్రపాత్రలు ఎత్తిపోసి కడిగిరి. మద్రాసులో వైద్యుడనిపించుకొన్నవాడు, బ్రాహ్మణకుటుంబమున పుట్టినవాడు ఈ పని చేసెను. మన దేశమందు ఈ పనిని ఎవరిమీద మోపితిమో, ఎంత నీచముగా ఎంచితిమో మనకందరికి తెలియును. కాని రోగియొద్ద పనిచేసినవారిని అడిగి చూడుడి. మూత్రము తగ్గినదా, రంగు మారినదా, విరేచనములో రక్తము పడినదా అని అందరికంటె ముందు తెలిసికొనువారు ఆ పాత్ర ఎత్తువారే. మందు పనిచేయుచున్నదో, కీడు చేయుచున్నదో చెప్పు మొదటి సాక్షి అదే. ఆ పనిని చిన్నచూపు చూచువాడు రోగిని సగమే చూచుచున్నాడు.

1924లో ఆ చదువు ముగించి, ఆటో ఫోలిన్ అను పండితుని అధీనములోనున్న జీవరసాయనశాఖలో చేరిరి. సైరస్ ఫిస్కెగారితో కలిసి, రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత యున్నదో కొలుచు విధానమును 1925లో ప్రకటించిరి. కొన్ని ద్రావకములు కలుపగా నీలిరంగు పుట్టును. ఆ రంగు గాఢతనుబట్టి భాస్వరపు పరిమాణము తేలును. ఫిస్కె-సుబ్బారావు విధానమని ఆ పద్ధతి లోకమందంతట ప్రయోగశాలలలో చిరకాలము వాడబడెను. ఆ కొలతవలననే కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమున్నట్లు 1927లో తెలిసెను. శరీరమునకు శక్తిని అందించు ఏ.టి.పి. అను పదార్థమునుకూడ 1929లో వేరుచేసిరి; అదే కాలమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగా కనుగొనెను. 1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టము లభించెను. ఈ ఘనత అంతయు దేనినుండి వచ్చినది? ఇంచుమించుగా చూడక, సరిగా కొలుచుటనుండి. కొలతలేని చోట వైద్యము లేదు.

హార్వర్డులో స్థిరమైన పదవి దొరకనందున, 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములో పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లీ ఔషధసంస్థలో చేరి, త్వరలోనే పరిశోధనలకు అధిపతి యాయిరి. తోబుట్టువులను తీసికొనిపోయిన వ్యాధి ఆయన మనస్సులోనే యుండెను. అంతకుముందు లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో బీదస్త్రీలకు గర్భకాలమున కలుగు రక్తహీనతను పరీక్షించి, ఈస్టు సారము దానిని కుదుర్చుచున్నదని 1931లో ప్రకటించెను. అందులోని గుణకారియైన పదార్థమును గుర్తుపట్టుటకు పలుచోట్ల శాస్త్రజ్ఞులు పాటుపడిరి. సుబ్బారావుగారి నడిపింపున లెడర్లీలోని సహచరులు 1945 నాటికి దానిని ప్రయోగశాలలోనే తయారుచేసిరి. అదే ఫోలిక్ ఆమ్లము. ఆ సంవత్సరమే టాం స్పైసు అను వైద్యుడు దానిని స్ప్రూ వ్యాధిగ్రస్తులకిచ్చి గుణము కనుగొనెను. అన్నదమ్ములు పోయిన యేండ్లకు ఆ మందు వచ్చెను. నేడు మన పల్లెలలో ఆశా కార్యకర్త గర్భిణీస్త్రీ చేతిలో పెట్టు ఇనుపమాత్రలో నున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక యున్నది. బి12 అను విటమిను లోపమువలన కలుగు రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఇచ్చినయెడల, రక్తము బాగుపడినట్లు కనబడును గాని లోపల నరములు చెడిపోవుచునే యుండును. ముఖము తేరుకొన్నదని ఇంటివారు సంతోషించుచుండగా, రోగికి కాళ్లు తిమ్మిరెక్కి నడక తూలును. కాబట్టి రక్తము తక్కువని తెలిసినంతనే ఎవరో వాడిన మాత్రలు తెచ్చి మరియొకరికి ఇచ్చుట తగదు. మంచిమందే, కాని ఏ లోపమునకో తెలియక ఇచ్చిన మంచిమందు మోసము చేయును.

బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో చనిపోవు పసిపిల్లలను చూచుచుండెను. ఫోలిక్ ఆమ్లమునకు సంబంధించిన పదార్థములు ఇచ్చినప్పుడు ఆ వ్యాధి తగ్గకపోగా త్వరపడినట్లు ఆయనకు తోచెను. అట్లయిన దానికి ఎదురుగా పనిచేయు పదార్థము కావలెను. సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి అట్టివి వచ్చెను. అవి ఫోలిక్ ఆమ్లమువలెనే కనబడును గాని, తాళములో దూరి తిరుగని తాళపుచెవివలె, కణములు పెరుగకుండ అడ్డగించును. అమినాప్టెరిన్ అను అట్టి మందును ఫార్బరు పదునారుగురు పిల్లలకు ఇయ్యగా పదిమందికి కొంతకాలము ఉపశమనము కలిగెనని 1948 జూనులో ప్రకటింపబడెను. అంతవరకు ఆ వ్యాధికి ఏ మందును పనిచేసి యెరుగదు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేటు. తరువాతి కాలమున కొద్దిమోతాదులో, వారమునకు ఒక్కసారి ఇచ్చినచో కీళ్లవాతమునకు మేలుచేయునని తేలగా, 1988లో అమెరికా ప్రభుత్వము దాని కందుకు అనుమతించెను.

ఆదోనిలోని ముసలమ్మగారి కథ ఇప్పుడు మీకు అర్థమైయుండును. పుండ్లు పడిన నోరు, దిగజారిన రక్తకణములు, ఇవి పెరుగుదల ఆగిన కణముల ఆర్తనాదము. ఫోలిక్ ఆమ్లము ఆ బాధను తగ్గించుటకు తక్కిన దినములలో ఇచ్చునది. రెండును చిన్నవి; తరచు ఒకే కాగితపు సంచిలో ఇంటికి వచ్చును. ఒకటి అడ్డగించును, ఒకటి కాపాడును. తారుమారైనయెడల కాపాడునది వారమునకొకసారియు, అడ్డగించునది ప్రతిదినమును లోపలికి పోవును. ఇట్టి పొరపాటు ఆదోనిలోనే కాదు, గొప్ప ఆసుపత్రులున్న దేశములలోను జరిగి ప్రాణములు పోయినవి.

సుబ్బారావుగారి కాలములో లెడర్లీనుండి మరి రెండు గొప్పమందులు వెలువడెను. 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాను వచ్చెను. మన ప్రభుత్వము ఆ వ్యాధియున్న జిల్లాలలో పంచిపెట్టు డి.ఇ.సి. మాత్ర అదియే. దానిని గర్భిణులకును, రెండేండ్లలోపు పిల్లలకును, తీవ్రరోగులకును ఇయ్యరు. తక్కినవారిచేత ఎదుటనే మింగించుట పద్ధతి. రెండవది బెంజమిన్ డుగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి కనుగొనిన ఆరియోమైసిన్. టెట్రసైక్లిన్ జాతి మందులలో మొదటిది. పాలతో కలిపి మింగినచో ఇట్టి మందు సరిగా ఒంటబట్టదు. చిన్నపిల్లలకు ఇచ్చినచో పండ్లు రంగు మారును. ఒక్క మనుష్యుని ప్రయోగశాలనుండి వచ్చిన మందులలోనే ఎన్ని కట్టుబాట్లున్నవో చూడుడి.

1948వ సంవత్సరము ఆగస్టు నెలలో, యాబదిమూడేండ్ల వయస్సున, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. తన పేరు చాటుకొనువారు కారు. సహచరులకే కీర్తి నిచ్చిరి. 1995లో, శతజయంతి సంవత్సరమున, భారతప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించెను. అయినను ప్రతిదినము ఆయన మందులు మింగు మన జిల్లావాసులలో ఆయన పేరు ఎరిగినవారెందరు?

ఇక మనమేమి చేయవలెను? ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో వానలు తప్పిన యేడాది ఊళ్లు సగము ఖాళీయగును. గుంటూరుకో బెంగుళూరుకో పోవువారు ముసలివారిని, పిల్లలను ఇంట విడిచి, మందులసంచి పొరుగువారి చేతికిచ్చి పోవుదురు. ఆ సంచి పుచ్చుకొను చేయి అప్పుడు నర్సమ్మ చేయి యగుచున్నది. గనుక ఈ కొద్దిమాటలు చదువరుల యెదుట ఉంచుచున్నాము.

మొదటిది, సంచి అప్పగించునప్పుడు ఇంటివారి భాషలో, తెలుగో కన్నడమో ఉర్దూయో, ఒక చీటి వ్రాయుడి. ఎవరికి, ఏ మందు, ఎంత, ఏ వేళ, ఏ విధముగా అను అయిదు సంగతులు అందులో నుండవలెను. పుచ్చుకొన్నవారిచేత ఆ మాట తిరిగి చెప్పించుకొనుడి. చదువురానివారికి సూర్యుడు, చంద్రుడు గీసి చూపుడి. వారమునకొకసారి వేయు మాత్రకు ఒక దినము నియమించి, గోడకున్న క్యాలెండరులో ఆ దినములకే గుర్తుపెట్టి, ఆ మాత్రను వేరు డబ్బీలో నుంచుడి.

రెండవది, కొలతను నమ్ముడి, కన్నును నమ్మకుడి. పిల్లల మందుకు సీసాతో వచ్చిన కొలతమూతయే గాని వంటింటి గరిటె పనికిరాదు. ఇన్సులిన్ సీసామీద 40 అని యున్నయెడల ఎర్రమూత సూదియే, 100 అని యున్నయెడల నారింజరంగు మూత సూదియే వాడవలెను. మారినచో మోతాదు రెండింతలకు మించి హెచ్చును, లేక సగముకంటె తగ్గును. విరేచనములకిచ్చు ఓ.ఆర్.ఎస్. పెద్దపొట్లము ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో పూర్తిగా కలిపి, ఒక్కదినములోనే వాడి, మిగిలినది పారబోయుడి.

మూడవది, పరుండియున్నవారి నోట మాత్ర వేయకుడి; లేపి కూర్చుండబెట్టి, నీరు త్రాగించి, మింగినదాక నిలువుడి. మింగలేరని ప్రతి మాత్రను నూరకుడి; కొన్ని మాత్రలు నెమ్మదిగా కరుగుటకే చేయబడినవి, అడిగి తెలిసికొనుడి. కదలలేనివారిని రెండేసి గంటలకు ప్రక్క మార్చుడి. ఒరిపిడి పుండునకు అంతకంటె మంచిమందు లేదు.

నాలుగవది, ఇచ్చినంతనే గుర్తు వేయుడి. ఎమ్మిగనూరు నేతగాడు పోగులు లెక్కించియే అల్లును. జ్ఞాపకముంచుకొందునని మగ్గము దిగడు. ఇచ్చితిమో లేదో అను సందేహము వచ్చినయెడల మరల ఇయ్యక, అడిగి తెలిసికొనుడి. పొరపాటు జరిగినయెడల భయపడి దాచకుడి. ఆ చిన్నకోడలు నోటిపుండ్లు చూచిన దినముననే, మాత్రల సంచి చేతబట్టుకొని ఏడ్చుచు వైద్యునియొద్దకు పోయి ఉన్నదున్నట్లు చెప్పెను. విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లము వెంటనే ఇయ్యగలిగినది అందువలననే. అదియును సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లమునకు దగ్గరి చుట్టమే. ఆమె తప్పు ముసలమ్మగారిని చావుదాక తెచ్చెను. ఆమె నిజము తిరిగి తెచ్చెను. ఆమెను నిందించువారు ఈ సంగతిని మరువరాదు.

గిల్గాలులోకూడ అట్లే జరిగెను. కుండలో మరణమున్నదని తినువారు దాచక కేకవేసిరి. ఎలీషా ఆ కాయలు తెచ్చినవానిని వెలివేయలేదు. పిండి తెమ్మని చెప్పి, కుండను బాగుచేసి, అందరికి వడ్డింపజేసెను.

మంచి సమరయుని మనమందరము ఎరుగుదుము. గాయములు కట్టి, నూనెయు ద్రాక్షారసమును పోసి, తన వాహనముమీద నెక్కించినవాడు. అయితే మరునాడు అతడు తన దారిని పోయెను. మిగిలిన దినములన్నియు ఆ గాయపడినవానిని చూచుకొన్నవాడు పూటకూళ్లవాడు. అతని పేరు ఎవరికిని తెలియదు. కట్టు మార్చినది, గంజి త్రాగించినది, రాత్రి లేచి చూచినది అతడే. సుబ్బారావుగారివంటివారు మందు కనుగొని పోయిరి. వైద్యుడు చీటి వ్రాసి పోవును. కొడుకు సంచి అప్పగించి వలసపోవును. కడపట మిగులునది పూటకూళ్లవాని చేయి. ఆ చేయి మీదియో మాదియో కావచ్చును. నేటి సాయంకాలము మాత్ర ఇచ్చుటకు ముందు, దీపము దగ్గరకు జరిపి, పేరు ఒక్కసారి చదువుదము.